పుల్లి మేసిన చాళ్ళు

మా పల్లెలో ఏ ఆవుకైనా పాలు తగ్గితే ఇంటివాళ్ళు ముందు పుట్టమ్మ దగ్గరికి పోయేవాళ్ళు. దేవుడికి మొక్కుకోవడం ఆ తర్వాత. మొక్కు అందుకున్న దేవుడు పని చేయకపోయినా అడిగేవాళ్ళు లేరు గానీ, పుట్టమ్మను మాత్రం వాకిట్లో నిలబెట్టి అడిగేవాళ్ళు. "ఏమి మేపితివమ్మా నా ఆవును? నిన్న చెంబు నిండింది, ఈ పొద్దు అడుగు కూడా తడవలేదు" అని. పుట్టమ్మకు కోపం వచ్చేది కాదు. ఆ ఆవు పొద్దున ఏ గట్టు ఎక్కిందో, ఏ తీగ కొరికిందో, దేన్ని వాసన చూసి వదిలేసిందో ఒక్కొక్కటే చెప్పుకొచ్చేది. చివరికి వినేవాళ్ళకే ఓపిక చాలక లేచిపోయేవాళ్ళు.

ఇదంతా నేను కళ్ళారా చూసింది కాదు. మా అమ్మ కెంపమ్మ చెప్పింది. మా అమ్మ ఆవు కూడా ఆ మందలోదే కాబట్టి ఆమె చెప్పిన దాంట్లో కోపమూ ఉంది, జాలీ ఉంది. రెండింటిలో ఏదీ తీసేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

బాగేపల్లి పక్క మిట్టేమరిలో తెల్లవారి నడక మొదలుపెడితే, అంబలి తాగే అంబళ్ల పొద్దుకు మా పల్లె చేరవచ్చు. ఊరి వెనక రాతిగుట్ట. గుట్ట చుట్టూ ఊరందరి గొడ్లూ మేసే గోమాళం. అక్కడ మందను మేపే పని ముందు పుట్టమ్మ మామగారిది, ఆయన తర్వాత ఆమె మొగుడు మునిశామప్పది. మునిశామప్ప చలిజ్వరంతో పోయాడు. పుట్టిన ఇద్దరు బిడ్డలూ మాటలు రాకముందే పోయారు. మైల తీరిన మరునాడు పుట్టమ్మ మొగుడి కర్ర పట్టుకొని ప్రతి వాకిలి ముందూ నిలబడి గొడ్లను విప్పమంది. ఆడమనిషి ఊరి మందను తోలడమేమిటని పెద్దలు నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒక్కరూ ఆ పని తాము చేస్తామని ముందుకు రాలేదు. పంట కాలంలో మునిశామప్పకు కొలిచే రాగులు ఆమెకే కొలిచారు.

ఆవు నోరులేని జీవం అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవుకు ఉన్నదే నోరు. పుట్టమ్మకు ఆ సంగతి తెలుసు. మిగతా కాపరులు మందను గోమాళంలోకి వదిలి చెట్టు నీడన కునుకు తీస్తే, ఆమె ఆవుల వెంట వంగి నడిచేది. పొద్దున్నే మంచు ఆరకముందు ఆవులు తీగలను వెతుక్కుంటాయని ఆమె కనిపెట్టింది. పిల్లిపెసర, అడవి ఉలవ, గట్టున పాకిన అనపతీగ కనబడితే పక్కన గరిక ఎంత లేతగా ఉన్నా దాటుకొని పోతాయి. ఎండ ఎక్కాక తీగ మీద మోజు తగ్గి గడ్డికి దిగుతాయి. ఇంటిదారి పట్టేముందు కడుపు నింపుకోవడానికి ముదురు బోదగడ్డిని కూడా వద్దనవు. తంగేడును, వెంపలిని ఏ వేళా ముట్టవు. తాము పేడ వేసిన చోట మొలిచిన గడ్డి పచ్చగా నిగనిగలాడుతున్నా మూతి పెట్టవు. ఆకలి మీదున్న ఆవుకు మాత్రం ఈ ఎంపికలేవీ ఉండవని, అది నోటికందిందల్లా లాగుతుందని కూడా ఆమెకు తెలుసు. ఇది గుర్తు పెట్టుకోండి. తెలియక చేసి ఉంటే ఆమె ఇంతగా నలిగిపోయేది కాదు.

ఆమెకు సొంత ఆవు ఒకటి ఉండేది. ఎర్రపసుపు రంగుది, పుల్లి అని పిలిచేది. దాన్ని దూడనాటి నుంచి గోమాళంలోనే పెంచింది. మేతలో పుల్లి అంత గడుసుది మందలో లేదు. గడ్డి గుంపులో ఉన్న ఒక్క తీగను నాలుకతో చుట్టి, పక్కనున్న పోచ కూడా తెగకుండా లాక్కునేది. "రాజుగారి కూతురు" అని పుట్టమ్మ దాన్ని తిట్టినట్టే తిట్టి ముచ్చటపడేది. పుల్లి ఏది తిన్నదో ఊరికంతా చెప్పుకునేది. సొంత బిడ్డ చదువు గురించి చెప్పుకునే తల్లుల్లాగే విసిగించేదని మా అమ్మ అనేది.

మా వైపు రాగిచేలో కొన్ని చాళ్ళకొకసారి జొన్న, అనప వేస్తారు. వాన లేక గిడసబారిన జొన్నకు గానీ, కోసిన జొన్న మొదలుకు గానీ పచ్చగా పిలకలు వస్తాయి. ఆ పిలకల్లో చేరే విషాన్ని నాము అంటారు. పిలక తియ్యగా ఉంటుంది. దాన్ని చూస్తే ఆవుకు ప్రాణం లేచొస్తుంది. నాము తగిలిన గొడ్డు ఒక్కోసారి గట్టు దాటకముందే పడిపోతుంది. వానలు బాగా కురిసి పైరు మోకాలు దాటి ఎదిగితే నాము విరిగినట్టే. వాన అరకొరగా పడినప్పుడే చిక్కు. అలాంటప్పుడు చేనులో గొడ్లను దించవచ్చా లేదా అన్న మాట మందకాపరి చెప్పాలి. చెప్పేముందు తన సొంత గొడ్డును ఆ చేలో దించాలి. అది మధ్యాహ్నం దాకా నిలబడితే అప్పుడు ఊరి గొడ్లు దిగుతాయి. పుట్టమ్మ మామగారి కాలం నుంచీ మా పల్లెలో ఇదే కట్టడి. ఇంతకంటే న్యాయమైనది ఇంకేముంటుంది? ఎంత వెతికినా నాకు అందులో తప్పు కనబడదు. నా కడుపుమంటంతా అదే.

బహుధాన్య సంవత్సరం వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్ళు మా వైపు ఎప్పుడూ వచ్చి ఉండరు. రాగి మొలిచి, నాలుగాకులు వేసి, ఎండిపోయింది. జొన్న జానెడెత్తున ముడుచుకుపోయింది. గోమాళంలో తంగేడు, వెంపలి మిగిలాయి. జనం ఇళ్ళ కప్పు మీది బోదను పీకి గొడ్లకు వేశారు. కొందరు గొడ్లను చింతామణి సంతకు తోలుకుపోయారు. కొనేవాళ్ళ దగ్గర మాత్రం గడ్డి యాడుంది? అన్నేసి మైళ్ళు నడిపించిన గొడ్లను మళ్ళీ నడిపించుకొని తెచ్చుకున్నారు. దారిలో పడిపోయినవి దారిలోనే ఉండిపోయాయి.

పుట్టమ్మ ఎదురింట్లో లక్ష్మీదేవమ్మ ఉండేది. మొగుడు రామాంజినప్ప శిడ్లఘట్టలో పట్టు తీసే పనికి పోయి, బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవాడు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, కడసారిది ఇంకా చంకలో ఉంది. ఆ ఇల్లు కర్రి అనే నల్లావు మీద నడిచేది. కర్రి మజ్జిగ బిడ్డల సంగటిలోకి. కర్రి నెయ్యి బాగేపల్లిలో కేశవమూర్తి అంగడికి. అక్కడ నెయ్యి వేసి ఆమె రాగులు తెచ్చుకునేది. కర్రి ఆ వేసవిలోనే ఈనింది. పుల్లితో సహా మిగతావి చుక్కలుగా దించేవి, ఊళ్ళో ఇంకా చెంబెడు పాలిచ్చేది అదొక్కటే. పుట్టమ్మ రోజూ పొద్దు వాలాక గుట్టెక్కి, బండల సందుల్లో మిగిలిన గడ్డిని గోళ్ళతో గీరి తెచ్చేది. పుల్లికి వేసేది, కర్రికీ ఒక పిడికెడు వేసేది. కర్రి ఆ పిడికెడు తిని ఇంకా చేతులు నాకుతుంటే, లక్ష్మీదేవమ్మ చూడలేక లోపలికి పోయేది.

భాద్రపదం చివర్లో ఒక సాయంత్రం ఉరుములతో ఒక వాన పడింది. ఒకటే వాన. ఊరి దిగువన వెంకటరాయప్ప పెద్దచేను పల్లంలో ఉండటంతో నీళ్ళు అక్కడ నిలిచాయి. కొద్ది రోజులకే అది పచ్చబడింది. జొన్న మొదళ్ళు పిలకలు వేశాయి. చాళ్ళ మధ్య పిల్లిపెసర పాకింది. నాలుగు దిక్కులా మట్టిరంగు తప్ప ఇంకొకటి లేని నేలలో అంత పచ్చదనం చూస్తే మనుషులకే తినాలనిపించిందట. కట్టుకొయ్యల దగ్గర గొడ్లు ఆ దిక్కుకే ముఖం పెట్టి అరిచేవి.

వెంకటరాయప్ప మంచివాడు. తన చేను చుట్టూ ముళ్ళకంప వేయించి, ఊరివాళ్ళను పిలిచి చెప్పాడు.

"నాకింక పంట రాదప్పా. గొడ్లన్నా తిని బతకనీ. పుట్టమ్మ ఊ అనిందంటే ఆ పొద్దే కంప తీపిస్తా."

అందరూ పుట్టమ్మ వైపు తిరిగారు. ఆమె చేనంతా నడిచి వచ్చింది. పిలకను తుంచి వాసన చూసింది.

"జానెడే ఉండాది. ఇంగొక వాన పడనీండి. నాకు భయమైతాండాది" అంది.

ఇంకొక వాన పడలేదు. ఆకాశం రోజూ కడిగిన రాయిలా ఉండేది. ఒక ఇంటి ఎద్దు పడుకున్నది లేవలేదు. మరో ఇంటి ఆవును నలుగురు కలిసి తోక పట్టి లేపి నిలబెట్టవలసి వచ్చింది. జనం పుట్టమ్మను ఏమీ అనలేదు. పొద్దున్నే ఆమె వాకిలి ముందు నుంచి చేను దాకా పోయి, కంప అవతలి పచ్చదనాన్ని చూసి, ఆమె వాకిలి ముందు నుంచే తిరిగి వచ్చేవాళ్ళు. నన్నడిగితే తిట్టినా ఇంతకంటే నయమే.

చివరికి లక్ష్మీదేవమ్మ వచ్చింది. చంకలో బిడ్డ ఉంది. గడప మీద కూర్చుంది.

"అక్కా, కర్రి ఈ పొద్దు పాలు దించలేదు. పొదుగు పట్టుకుంటే తంతాండాది. బిడ్డకి ఏమి పొయ్యల్ల నేను?"

పుట్టమ్మ బిడ్డ తల నిమిరింది.

"మేస్తే చస్తాదేమో అంటివి. మేయకపోతే చచ్చేది నిజమే కదక్కా. నీ నోటితో ఒక మాట చెప్పు. నువ్వు చెప్తే చాలు. ఇంగెవురి మాటా నాకొద్దు."

"పుల్లిని దించుతా రేపు. అది నిలిస్తే సూద్దాం" అంది పుట్టమ్మ.

తనకున్న ఒక్క ప్రాణాన్ని చావొచ్చే చోటికి పంపడానికి ఒప్పుకుంది. రోజూ వేసినట్టే ఆ సాయంత్రం కూడా గుట్ట మీది గడ్డి పుల్లికి వేసింది. అదే చివరి మేత కావచ్చని ఆ రోజు కర్రికి పెట్టే పిడికెడు కూడా దానికే పెట్టింది. ఎవరు పెట్టరు?

మరునాడు ఎండ రాకముందే పుల్లిని పెద్దచేలో దించింది. ఊరంతా గట్టు మీద చేరింది. పుల్లి నిమ్మళంగా తల దించుకొని జొన్న చాళ్ళ వెంట నడిచింది. గట్టు మీద నుంచి చూస్తే దాని మూతి పిలకల్లోనే ఉన్నట్టు ఉంది. పుట్టమ్మ ఎప్పటిలా వెంట వంగి నడవలేదు. గట్టు మీదే కూర్చుంది. కాళ్ళు తడబడతాయేమో, వణుకుతాయేమో, ఇప్పుడు పడిపోతుందేమో అని పొద్దుటి నుంచీ పుల్లి కాళ్ళనే చూసింది. అన్నేళ్ళుగా ఆవుల నోళ్ళు చూసి బతికిన మనిషి ఆ ఒక్క పూట కాళ్ళు చూసింది.

మధ్యాహ్నమైంది. పుల్లి గట్టెక్కి వచ్చి, ఆమె పక్కన నిలబడి, నింపాదిగా నెమరు వేసింది. పుట్టమ్మ దాని మెడ పట్టుకొని ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషమే ఉంది. లేచి ముక్కు చీది, కళ్ళు తుడుచుకుంది.

"తోలుకోండప్పా. ఏమీ కాదు" అంది.

కంప తీశారు. అప్పటికి గొడ్లు పొద్దుటి నుంచీ కట్టు మీద ఉన్నాయి, అంతకుముందు ఎన్నాళ్ళుగానో పస్తున్నాయి. తాళ్ళు విప్పడం కూడా సరిగా కుదరలేదు. కొన్ని కొయ్యలను పీక్కొని పరుగెత్తాయి. అందరికంటే ముందు కర్రి దిగింది. లక్ష్మీదేవమ్మ దాని వెనక నవ్వుతూ పరుగెత్తింది. గొడ్లు మేసే చప్పుడు గట్టు మీదికి వినబడిందట. అందరూ ఆ చప్పుడే వింటూ నిలబడ్డారు. అంత సుఖమైన చప్పుడు తాను మళ్ళీ వినలేదని మా అమ్మ అనేది.

ముందు పడింది కర్రి. మేస్తున్నది మేస్తున్నట్టే ఆగి, తల పైకెత్తి, నోరు తెరిచి గాలి పీల్చింది. ముందుకాళ్ళు మడతపడ్డాయి. నోటి వెంట నురుగు వచ్చింది. "అక్కా!" అని లక్ష్మీదేవమ్మ పెట్టిన కేక వినేసరికి ఇంకో మూలన మరొకటి పడింది. అప్పుడు ఊరంతా చేలోకి దిగి కర్రలతో, రాళ్ళతో, చేతులతో గొడ్లను బయటికి తరిమారు. బయటికి వచ్చినవి కూడా గట్టు మీద పడ్డాయి, దారిలో పడ్డాయి. నాము తగిలితే బెల్లంనీళ్ళు, మజ్జిగ వెదురు గొట్టంతో గొంతులో పోస్తారు. ఆ కరువులో బెల్లం ఎవరింట్లో ఉంది? మజ్జిగ లక్ష్మీదేవమ్మ ఇంట్లోనే ఉంది. బిడ్డకోసం దాచిన ముంత తెచ్చి కర్రి నోట్లో పోసింది. కర్రికి మింగే శక్తి లేదు. దాని మజ్జిగ దాని పెదవుల పక్కనుంచే కారిపోయింది.

పొద్దు గూకేలోపల మందలో సగం పోయింది. మా అమ్మ ఆవు కూడా పోయింది. పుల్లి గట్టు మీదే నిలబడి ఉంది, నెమరు వేస్తూ.

మరునాడు తెల్లవారగానే పుట్టమ్మ ఒక్కతే చేలోకి పోయింది. ఎప్పుడూ నడిచినట్టే వంగి, పుల్లి నడిచిన చాళ్ళ వెంట నడిచింది. అక్కడ జొన్న పిలకలు మొనలు కూడా తెగకుండా నిలబడి ఉన్నాయి. చాళ్ళ మధ్య పాకిన పిల్లిపెసర మాత్రం మొదటికంటా కొరికేసి ఉంది. నిన్న పొద్దున, రాత్రి తిన్నది ఇంకా అరగని పుల్లి, పొద్దుటి వేళ ఏ ఆవైనా వెతుక్కునే తీగను వెతుక్కుంది. పిలకల మధ్య మూతి దూర్చి, పిలకకు తగలకుండా, తీగను నాలుకతో చుట్టి లాక్కుంది. మిగతా గొడ్లు తిరిగిన మేరంతా జొన్న మొదళ్ళు మట్టికి సమంగా ఉన్నాయి, తీగ కాళ్ళ కింద నలిగి అలాగే పడి ఉంది. చదువు రాకపోయినా ఆమెకు ఇది చదవడం వచ్చు. ఒక్క రోజు ముందు వంగి చూసి ఉంటే చాలు.

చేలోంచి వచ్చి ఊరి మధ్య నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"పుల్లి జొన్న ముట్టలేదప్పా. తీగే తినింది. నేను నోరు సూడలేదు. కాళ్ళు సూస్తి."

కొందరు నమ్మారు. కొందరు వేరేగా మాట్లాడుకున్నారు. తన ఆవుకు ముందుగా కడుపు నింపి తెచ్చిందని, తెలిసే చేసిందని అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. "కడుపు నింపిండేది నిజమే" అని ఒప్పుకుంది. తెలిసి చేయలేదన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు. ఆ మాట ఎందుకు అనలేదో నాకు అర్థం కాదు. మా అమ్మను అడిగితే, ఆమెకే నమ్మకం పోయి ఉంటుందిలే అంది.

ఆ సాయంత్రం పుట్టమ్మ పుల్లిని తోలుకుపోయి లక్ష్మీదేవమ్మ వాకిట్లో, కర్రిని కట్టే కొయ్యకు కట్టింది. లక్ష్మీదేవమ్మ బయటికి వచ్చి చూసింది. కేకలు వేయలేదు. తాడు విప్పి పుట్టమ్మ చేతిలో పెట్టింది.

"దీన్ని సూసినప్పుడంతా నాకు కర్రి పడిండేదే కనబడతాదక్కా. తోలుకపో."

"ఉండే నాలుగు చుక్కలన్నా పొయ్యనీ బిడ్డకి. కట్టుకోవద్దు, పాలన్నా..."

"నీ ఆవు పాలు ఇంటికి తేవద్దు."

ఆ చలికాలంలో లక్ష్మీదేవమ్మ కడసారి బిడ్డ పోయింది. జ్వరమని అందరూ అన్నారు. పుట్టమ్మ మాత్రం ఒప్పుకోలేదు. మట్టి చేసి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుంటుంటే ఆమె దూరంగా నిలబడింది. రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

మంద మేపే కర్రను ఆమె వెంకటరాయప్ప ఇంటి అరుగు మీద పెట్టి వచ్చేసింది. మిగిలిన గొడ్లను మేపడానికి వేరే ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళు గొడ్లను వదిలి చెట్టు కింద పడుకునేవాళ్ళు. అయినా ఏ గొడ్డుకూ ఏమీ కాలేదు. లోకం ఎంత సిగ్గులేనిదో చూడండి.

మరుసటి ఏడాది వానలు కురిశాయి. వద్దన్నా కురిశాయి. గోమాళం నిండా చెంగలిగడ్డి, గరిక, పిల్లిపెసర కలగలిసి మోకాలెత్తున లేచాయి. జొన్న ఎత్తుగా ఎదిగి కంకి వేసింది. నాము మాట ఎత్తినవాళ్ళు లేరు. ఉన్న నాలుగు ఆవులూ మెరుగెక్కాయి, ఈనాయి, ఊళ్ళో మళ్ళీ మజ్జిగ చిలికే చప్పుడు మొదలైంది. పుల్లి మాత్రం పుట్టమ్మ వాకిట్లో కొయ్యకు కట్టేసి ఉంది. పుట్టమ్మ దాన్ని మేతకు విప్పేది కాదు. పాత రాగిగడ్డి ఎవరింట్లోనైనా అడిగి తెచ్చి, నేల మీద పరిచి, పోచ పోచా విడదీసి, ఎండిందా లేదా అని విరిచి చూసి, పిడికెడు పిడికెడుగా తన చేత్తో తినిపించేది. పచ్చటిది ఒక్క పోచ కనబడినా తీసి గోడ అవతల పారేసేది. పుల్లి మొదట్లో గోమాళం వైపు ముఖం పెట్టి అరిచేది. తర్వాత అరవడం మానేసింది. ఎండుగడ్డి వాసన చూసి తల తిప్పుకునేది. దాని డొక్కలు లోపలికి పోయాయి. కరువులో కూడా అంత చిక్కలేదని జనం అన్నారు. పుట్టమ్మకు చెప్పి చూశారు. ఆమె విని, గడ్డి ఏరుతూనే ఉండేది.

అలా కొన్నాళ్ళు చూసి చూసి, ఒక పొద్దున లక్ష్మీదేవమ్మ దారి దాటి వచ్చింది. కర్రి పోయినప్పటి నుంచి ఆమె ఆ వాకిట్లో కాలు పెట్టడం అదే మొదటిసారి.

"అక్కా, ఇడిసిపెట్టు దాన్ని. అది చేసిండే తప్పేమి?"

"దాని తప్పేమీ లేదు."

"మల్ల ఎందుకు కట్టేస్తివి? ఊరంతా పచ్చగా ఉండాది. మేసుకోనీ. నాకు దీని మీద కోపం లేదు. నీ మీద కూడా లేదు. నేనే వచ్చి చెప్తాండా కదా."

ఆ మాట కోసం పుట్టమ్మ ఎన్నాళ్ళు ఎదురుచూసి ఉంటుందో. ఆ మాట విని కూడా ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"నాకు తెలీదు లక్ష్మీదేవీ. ఏది మంచిదో, ఏది కాదో నాకు తెలీదు" అంది.

లక్ష్మీదేవమ్మకు దుఃఖమూ విసుగూ కలిసి వచ్చాయి. వంగి, తానే తాడు విప్పేసింది. పుల్లి ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడింది. తర్వాత వణికే కాళ్ళతో వాకిలి దాటి, దారి పక్క గట్టు మీద వానకు మొలిచిన గరికలో మూతి పెట్టింది. ఒక నోటి నిండా లాగింది. కళ్ళు మూసుకొని నమిలింది.

పుట్టమ్మ పరుగెత్తింది. పుల్లి మెడ కింద చెయ్యి వేసి, దవడ విడదీసి, ముంజేతి దాకా నోట్లోకి దూర్చింది. నమిలిన గరికను బయటికి లాగి, అరచేతిలో పరిచి, ఒక్కొక్క పోచా విప్పి వాసన చూసింది. మళ్ళీ చెయ్యి దూర్చింది. నాలుక కింద వెతికింది. చేతికి రక్తం వచ్చింది. అది పళ్ళకు గీరుకున్న తన రక్తమో, ఆవు చిగుళ్ళదో ఆమె చూసుకోలేదు. పుల్లి కొమ్ము విసరలేదు. నోరు తెరుచుకొని, ఆమె చేయి ఎటు లాగితే అటు తల తిప్పుతూ నిలబడింది.

"గరిక అక్కా! వట్టి గరిక!" అంటోంది లక్ష్మీదేవమ్మ ఏడుస్తూ.

పుట్టమ్మకు వినబడలేదు. గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చొని, అరచేతిలో ఉన్న పచ్చటి ముద్దలో ఇంకా వెతుకుతూనే ఉంది. లక్ష్మీదేవమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నేల మీద పడి ఉన్న తాడు అందుకొని, పుల్లిని వెనక్కి నడిపించుకొని వచ్చి, తన చేతులతోనే మళ్ళీ కొయ్యకు కట్టింది.